కింద ఎవరూ లేని సభ

మనుషుల్లో ఎన్ని రకాలున్నారో చెప్పలేను గానీ కుర్చీల్లో ఎన్ని రకాలున్నాయో చెప్పగలను. మంత్రి స్థాయి మనిషికి నగిషీ చేతుల సోఫా. ఆయన పక్కన కూర్చునేవాళ్ళకు తెల్లగుడ్డ తొడిగి వెనక శాటిన్ ముడి వేసిన మెత్తటి కుర్చీ. ముందు వరసకు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. వెనక వరసలకు చేతుల్లేనిది. ఆ తర్వాత జంపఖానా. అదీ అయిపోతే నిలబడటం. దానికి నేను అద్దె తీసుకోను.

మా ఊళ్ళో షామియానాలు, కుర్చీలు, వేదికలు అద్దెకిచ్చే సుబ్బరాయుడు సప్లయర్స్ నాదే. బోర్డు మీద పేరెంత పెద్దగా రాయించినా అందరూ శెట్టిగారనే పిలుస్తారు. నా వ్యాపారం నడిచేది మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా మీద. అందరూ ఒకటైపోయిన రోజున జంపఖానాలు తప్ప నా గోడౌనులోంచి ఇంకేవీ బయటికి కదలవు. అందుకే మా ఊరి విశ్వవిద్యాలయంలోకి సమానత్వం వస్తోందని విన్నప్పుడు కాస్త గుబులు పుట్టింది. అది అనవసరమైన గుబులని తర్వాత తెలిసింది. సమానత్వమంత లాభసాటి సీజను నేను పెళ్ళి ముహూర్తాల్లో కూడా చూడలేదు.

వీసీ ఆచార్య పద్మాకరం గారు మంచి మనిషి. వెటకారానికి అనడం లేదు. మా కూలీలను కూడా "మీరు" అని పిలిచే పెద్దమనిషి ఆయనొక్కరే. ఆ వేసవిలో విశ్వవిద్యాలయాల అధిపతులకు శిక్షణ అని ఏదో కొండమీది ఊరికి వెళ్ళొచ్చారు. నాయకుడన్నవాడు సమానత్వానికీ వైవిధ్యానికీ జెండా పట్టుకుని ముందు నడవాలని, ఆ జెండా అందరికీ కనిపించాలని అక్కడ చెప్పారట. కనిపించాలి అన్న మాట ఆయన మనసులో బాగా నాటుకుంది. తిరిగొచ్చిన మర్నాడే నాకు కబురొచ్చింది.

గదిలో వీసీ గారితో పాటు రిజిస్ట్రార్ నరహరి గారు కూడా ఉన్నారు. నరహరి గారు మామూలు మాటను కూడా ఫైలు భాషలోనే చెబుతారు. దాహమేస్తే "మంచినీటి ఆవశ్యకత ఏర్పడినది" అంటారని వాళ్ళ అటెండరు చెప్పుకుని నవ్వుకుంటాడు.

"శెట్టిగారూ, వేదిక అంటే ఏమిటి?" అని అడిగారు వీసీ గారు.

"ఇనుప స్టాండ్లు, వాటి మీద చెక్క పలకలు, పైన ఎర్ర తివాచీ సార్. పూల అలంకారం విడిగా."

"కాదు. వేదిక అంటే అసమానత." ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "నలుగురు పైన కూర్చుంటారు. మిగతా అందరూ కింద కూర్చుని తలెత్తి చూస్తుంటారు. ఇన్నాళ్ళూ ఎంత అన్యాయం చేశామో నాకు ఆ కొండెక్కితే గానీ తెలియలేదు. త్వరలో మన దగ్గరికి సమానత్వ పరిశీలన సంఘం వస్తోంది. ఆ లోపల ఈ తేడా పోవాలి."

వేదిక పోతే సోఫాలు పోతాయి, పూలకుండీలు పోతాయి, తివాచీ పోతుంది. అయినా అడిగినప్పుడు ఉన్నమాట చెప్పకపోతే ఖాతాదారుడు నిలవడు. "అయితే వేదిక తీసేసి అందరికీ జంపఖానాలు పరిచేద్దాం సార్. సామాను మోత కూడా తగ్గుతుంది," అన్నాను.

నరహరి గారు తన మోకాళ్ళ వైపు దిగులుగా చూసుకున్నారు.

"శెట్టిగారూ, ఎవరినైనా కిందికి దించడం సమానత్వ స్ఫూర్తికి విరుద్ధం. అందరినీ పైకి తేవడమే సముచితమని భావించబడుతున్నది," అన్నారు చివరికి.

వీసీ గారి ముఖం వెలిగిపోయింది. "అద్భుతం నరహరి గారూ! అసలు కింద అనేదే ఉండకూడదు. విద్యార్థులు, ఆచార్యులు, తోటమాలులు, అందరూ వేదిక మీదే. కింద ఎవరూ లేని సభ! ఎక్కడా ఎవరూ చేసి ఉండరు."

నేను మనసులో కూడికలు వేసుకున్నాను. సిద్ధాంతం బాగుంది. అంతంత చదువుకున్నవాళ్ళు ఒక మంచి సిద్ధాంతం కనిపెడితే, పలకలు అద్దెకిచ్చేవాడు అడ్డుపడటం మర్యాద కాదు. "వేదిక ఎంతవరకు వేయమంటారు సార్?" అని మాత్రం అడిగాను.

"మనిషి మిగిలినంత వరకు," అన్నారు.

మర్నాడు మా మేస్త్రీ మస్తాన్‌ను వెంటబెట్టుకుని మైదానం కొలవడానికి వెళ్ళాను. వేదిక కట్టడంలో మస్తాన్‌కు ఎంత అనుభవమంటే, దాని మీద ఎక్కేవాళ్ళ హోదాను పలకల కిరకిరను బట్టి చెబుతాడు. మైదానాన్ని ఒకసారి చూసి, "శెట్టిగారూ, అందరూ పైనుంటే మైకు ఎటు తిప్పి పెట్టాలి?" అన్నాడు.

"అది చదువుకున్నవాళ్ళు చూసుకుంటారులే. నువ్వు స్టాండ్లు లెక్కపెట్టు."

మైదానంలో ఒక పక్క కానుగ చెట్టు, దానికి ఎదురుగా లైబ్రరీ. ఆ చెట్టు నీడలో నీలవేణి కనిపించింది. ఈ అమ్మాయి నాకు ముందే తెలుసు. సంతల్లో బేరమాడేటప్పుడు జనం వాడే మాటల మీద పరిశోధన చేస్తోంది. పాత మాటలు కనుక్కోవడానికని మా కొట్టుకొచ్చేది. చిన్నప్పుడే కాళ్ళు పడిపోవడంతో చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఆ కుర్చీ ఒక్కటే నా రకాల్లో లేనిది. మొదటిసారి వచ్చిన రోజు కొట్టు ముందున్న మెట్టుకు మస్తాన్ ఒక పలక ఆనించాడు. తోపుడుబండ్లకు కూడా వీలుగా ఉందని నేను దాన్ని తీయించలేదు.

"ఏమ్మా, చెట్టు కింద కూర్చున్నావు?"

"లైబ్రరీలో చదువుకుంటున్నాను శెట్టిగారూ," అంది నవ్వుతూ. "లోపలికి మా స్నేహితురాలు వెళ్తుంది. పేజీలు ఫోన్లో ఫోటో తీసుకొస్తుంది. నేనిక్కడ చదువుతాను. మొన్న ఎడమవైపు పేజీలు మాత్రమే తీసుకొచ్చింది. సగం బేరాలు తెగలేదు."

"పుస్తకాలు బయటికి ఇవ్వరా?"

"నాక్కావలసినవి పాతవి. లోపలే కూర్చుని చూసుకోవాలి. వచ్చే నెలలో సిద్ధాంత గ్రంథం ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఇన్నాళ్ళ పనీ పోయినట్టే. ఆ మెట్ల పక్కన ఒక ర్యాంపు వేయించమని అడుగుతూనే ఉన్నాను."

అంతలో నరహరి గారు వేదిక హద్దులు చూడటానికి అటే వచ్చారు. నీలవేణి కుర్చీ ఆయన వైపు తిప్పింది. "సార్, నా ర్యాంపు సంగతి?"

"తమ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడుతున్నదమ్మా. సమానత్వ విభాగం కొత్తగా ఏర్పాటైంది. స్వయంగా వెళ్ళి విన్నవించుకోవచ్చు."

"ఆ విభాగం రెండో అంతస్తులో పెట్టారు సార్."

"అవును. గాలీ వెలుతురూ బాగుంటాయి."

"పోనీ, శెట్టిగారు ఇన్ని పలకలు తెస్తున్నారు కదా. వాటిలో నాలుగు ఆ మెట్ల మీద వేయించండి."

నరహరి గారు నొచ్చుకున్నారు. "సమానత్వ పక్షోత్సవాల్లో ఒకరికి మాత్రమే విడిగా సౌకర్యం కల్పిస్తే మిగిలినవారి పట్ల వివక్ష చూపినట్టు కాదూ? లైబ్రరీ మెట్లు అందరికీ ఒకే ఎత్తున కట్టించాం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అని లేదు. కావాలంటే నలుగురు విద్యార్థులతో మిమ్మల్ని ఎత్తించి..."

"నేను శెట్టిగారి సోఫాను కాదు సార్, నలుగురు మోయడానికి."

మస్తాన్ పక్కకు తిరిగి దగ్గాడు. నరహరి గారు "గమనించబడినది" అని వెళ్ళిపోయారు. నాలుగు పలకలు వేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ ఆవరణలో ఒక మేకు కొట్టాలన్నా రిజిస్ట్రార్ గారి ఆదేశం కావాలి. పైగా నా పలకలన్నీ వేదికకు రాసిచ్చేశాను. పొరుగూళ్ళ సప్లయర్ల దగ్గరున్నవి కూడా తెప్పిస్తున్నాను. అందుకని "చూద్దాంలేమ్మా" అన్నాను. ఆ మాటను కూడా ఆమె రాసుకుంది. సంతలో ఆ మాటకు "లేదు" అని అర్థమట.

వేదిక లేవడం మొదలైంది. మొదటి గొడవ కుర్చీల దగ్గర వచ్చింది. వీసీ గారు తన సోఫాను తానే పక్కకు నెట్టి, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చుట్టూ ఉన్న ఆచార్యులకు కళ్ళు చెమర్చాయి. అంతలో ఆయన అటెండరు అలవాటు కొద్దీ వచ్చి ఆ కుర్చీ వీపు మీద తెల్ల టర్కీ తువ్వాలు పరిచాడు.

"కుర్చీ సమానమే. తువ్వాలు మాత్రం..." అని నసిగారొక ఆచార్యులు.

"తీసేయండి," అన్నారు వీసీ గారు.

"ఉన్నది తీసేయడం మన స్ఫూర్తికి విరుద్ధం సార్. లేనివారికి కల్పించడమే మార్గం," అన్నారు నరహరి గారు.

ఊళ్ళో లాడ్జీల తువ్వాళ్ళన్నీ అద్దెకు తెచ్చాను. ఆ వారం మా ఊళ్ళో దిగిన ప్రయాణికులు స్నానం చేసి ఆరేదాకా ఫ్యాను కింద నిలబడ్డారని విన్నాను.

తర్వాత గొడవ వరసల దగ్గర. అందరూ వేదిక మీదే ఉన్నా, ముందు వరసలో కొందరు, వెనక వరసలో కొందరు ఉండటం ఏం సమానత్వమని తోటపని విభాగం అభ్యంతరం చెప్పింది. వైవిధ్య ఉపసంఘం కూర్చుని చర్చించి, అందరూ ముందు వరసలోనే ఉండాలని తీర్మానించింది. అందరూ ముందు వరసలోనే ఉండాలంటే ఒకే వరస ఉండాలి. ఒకే వరస ఉండాలంటే అది మైదానం చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి రావాలి. వేదికను గాజులాగా గుండ్రంగా కట్టమన్నారు. మా విశ్వవిద్యాలయంలో మనుషుల కంటే స్థలం ఎక్కువ కాబట్టి అది కుదిరింది. గుండ్రంగా కడితే పలకలు రెట్టింపు పడతాయి. నేను ఉపసంఘం దూరదృష్టిని మెచ్చుకున్నాను.

ముఖ్య అతిథి ఎవరన్న ప్రశ్న కూడా అలాగే తేలింది. అందరికీ "ముఖ్య అతిథి" అన్న బ్యాడ్జీ ఇచ్చారు. హాస్టల్ వంటమాస్టరు కోటిలింగం బ్యాడ్జీ పెట్టుకున్న గంటకే గరిటె కింద పెట్టేశాడు.

"ఏమయ్యా, భోజనాలు?" అని అడిగారు నరహరి గారు.

"ముఖ్య అతిథి చేత వంట చేయిస్తారా సార్? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

పొయ్యి దగ్గరికి వెళ్ళేవాళ్ళెవరూ లేక, ఊళ్ళోని హోటలుకు పులిహోర పొట్లాలు పురమాయించారు.

అన్నిటికంటే చిక్కు రిహార్సల్లో వచ్చింది. మన దగ్గర ఏ సభలోనైనా మాట్లాడేవాళ్ళు ముందుగా వేదికను అలంకరించిన పెద్దలను పేరుపేరునా సంబోధించాలి కదా. నరహరి గారు మైకు పట్టుకుని "వేదికను అలంకరించిన" అని మొదలుపెట్టారు. పదిమందిని చెప్పారు, వందమందిని చెప్పారు. భౌతికశాస్త్రం దాటి రసాయనశాస్త్రంలోకి వచ్చేసరికి గొంతు పోయింది. "తదితరులు" అని ముగించబోయారు. వరసలో సగంమంది లేచి నిలబడ్డారు.

"ఎవరండీ తదితరులు?" అని అరిచిందొక క్లర్కమ్మ. "మేమా? ఇన్నేళ్ళూ తదితరులుగానే ఉన్నాం. ఈ రోజు కూడానా?"

ఆమె మాటలో న్యాయం ఉందని వీసీ గారే ఒప్పుకున్నారు. చివరికి సంబోధనలు సభకు ముందు రోజే పూర్తి చేయాలని, సభ రోజున నేరుగా విషయంలోకి రావాలని నిర్ణయించారు. మైకు నాదే. ఆ రోజు అద్దె కూడా పడింది.

సభ రోజు తెల్లవారేసరికి ఒక్క భాగం మిగిలింది, లైబ్రరీ మెట్లకు ముందున్నది. ఫోటోల్లో వెనక లైబ్రరీ స్తంభాలు హుందాగా కనిపిస్తాయని వీసీ గారి కుర్చీ, నరహరి గారి కుర్చీ అక్కడే వేయాలనుకున్నారు. మస్తాన్ అక్కడ కాస్త సందు ఉంచితే మనుషులు అటూ ఇటూ తిరగడానికి వీలుగా ఉంటుందన్నాడు.

"సందు ఉండరాదు," అన్నారు నరహరి గారు. "సందు ఉన్నచోట ఎవరినో మినహాయించినట్టు సంఘం వారు భావించే ప్రమాదమున్నది. పూర్తిగా మూసేయండి."

మూసేశాం. అందరూ వెలుపలి వైపున్న మెట్లెక్కి వచ్చి తమ తమ తువ్వాళ్ళ ముందు కూర్చున్నారు. అందరి ముఖాలూ మైదానం వైపే. మైదానంలో ఎవరూ లేరు. నేను పైన చోటు లేక ఒక షామియానా గుంజ పట్టుకుని వేదిక మెట్ల మీద నిలబడ్డాను.

పరిశీలన సంఘం అధ్యక్షురాలు పెద్దావిడ. ఇలాంటి సభలు ఎన్ని చూసిందో ముఖంలోనే తెలుస్తోంది. వేదిక ఎక్కి, చుట్టూ చూసి, "ప్రేక్షకులేరి?" అని అడిగింది.

"ఆ పద్ధతి రద్దు చేశాం మేడమ్," అన్నారు వీసీ గారు వినయంగా.

ఆవిడ కాసేపు ఆలోచించి, కళ్ళద్దాలు సవరించుకుని మైదానంలోకి చూపించింది. "మరి ఆ అమ్మాయో?"

అందరం చూశాం. కానుగ చెట్టు నీడలో నీలవేణి. తెల్లవారకముందే వచ్చి, స్నేహితురాలు తెచ్చే పేజీల కోసం ఎప్పటిలాగే అక్కడ కూర్చుంది. మేం ఆమె చుట్టూ వేదిక కట్టి మూసేశాం. కుర్చీ బయటికి వెళ్ళే దారి లేదు. ఆమె మాత్రం తాపీగా ఫోనులో ఏదో చదువుకుంటోంది.

నరహరి గారి నుదుటి మీద చెమట పట్టింది. తువ్వాలు దగ్గరలోనే ఉన్నా తుడుచుకోవడం మర్చిపోయారు. "ఆమె... సభికురాలు మేడమ్."

"ఒక్కరేనా?"

"ప్రస్తుతానికి."

వీసీ గారికి నిజంగానే బాధ కలిగింది. "ఒక్క మనిషి కింద మిగిలినా మనం ఓడినట్టే! ఆమెను పైకి తీసుకురండి!"

నలుగురు విద్యార్థులు దూకారు. నీలవేణి చెయ్యెత్తి ఆపింది. "తాకొద్దు. నేను సామాను కాదు. దారి ఉంటే నేనే వస్తాను."

"శెట్టిగారూ! ర్యాంపు వేయగలరా?" అని వీసీ గారు నా వైపు తిరిగారు.

"జనరేటర్లను లారీ ఎక్కించేవాళ్ళం సార్. ర్యాంపు మాకు పెద్ద పనేం కాదు. కానీ పలకలు లేవు. అన్నీ మీ కాళ్ళ కింద ఉన్నాయి. ఎవరైనా దిగితే ఆ పలకలు తీసి వేస్తాం."

ఎవరూ కదల్లేదు. తాను దిగితే తన విభాగానికి ప్రాతినిధ్యం పోతుందన్నారొకరు. ఇన్నేళ్ళకు ఎక్కామని, అప్పుడే దించుతారా అన్నారు తోటమాలులు. ముఖ్య అతిథిని మధ్యలో దించే ఆచారం ఎక్కడా లేదన్నాడు కోటిలింగం.

మస్తాన్ మెల్లగా, "చివర వేసినవి తేలిగ్గా వస్తాయి శెట్టిగారూ. వాటికింకా బోల్టులు బిగించలేదు," అన్నాడు.

చివర వేసినవి లైబ్రరీ ముందువి. అందరూ అటు చూశారు. నరహరి గారు తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. వీసీ గారు ఒక్క క్షణం ఆలోచించి, తువ్వాలు మడిచి కుర్చీలో పెట్టి, మైదానంలోకి దిగారు. గత్యంతరం లేక నరహరి గారూ దిగారు.

అప్పుడొక విచిత్రం జరిగింది. వీసీ గారు కింద నిలబడి ఉండగా తాము పైన కూర్చోవడం ఎలా అని ఆచార్యులకు తోచింది. కూర్చుంటే అమర్యాద. దిగితే ఆదేశ ధిక్కారం. వరస వరసంతా మోకాళ్ళు సగం వంచి, కూర్చున్నట్టూ కాకుండా, లేచినట్టూ కాకుండా ఆగిపోయింది. వాళ్ళు అలా ఉండగానే మస్తాన్ మనుషులు స్టాండ్లతో సహా పలకలు ఊడదీశారు.

వీసీ గారు కానుగ చెట్టు దగ్గరికి వెళ్ళి నీలవేణి పక్కన నిలబడి చుట్టూ చూశారు. "ఇక్కడి నుంచి చూస్తే అందరివీ చెప్పులే కనిపిస్తున్నాయమ్మా," అన్నారు.

"ఇన్నాళ్ళూ నాకు కనిపించేవి అవే సార్."

పరిశీలన సంఘం వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకుని కొత్త చిక్కు తెచ్చారు. ఈ అమ్మాయి కూడా పైకి వచ్చేస్తే కింద ఒక్క సభికురాలు కూడా ఉండదు. సభికులు లేనిచోట సభ జరిగినట్టు నివేదిక రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఈ మాట వినగానే నరహరి గారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆమెను కిందనే ఉంచడం సముచితం!"

"కింద ఉంచితే సమానత్వం ఏది?" అన్నారు వీసీ గారు.

"పైకి వస్తే సభ ఏది సార్?"

ఇద్దరూ ఆమె వైపే చూశారు. వేదిక మీదున్నవాళ్ళందరూ సగం వంగిన మోకాళ్ళతో ఆమె వైపే చూశారు. నీలవేణి ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"సార్, నేను పైకీ రాను, కిందా ఉండను. లోపలికి వెళ్తాను," అంది. పలకలు తీసేసిన సందులోంచి లైబ్రరీ మెట్లు కనిపిస్తున్నాయి. "ఆ ర్యాంపేదో అక్కడ వేయించండి. నెలాఖరుకు నా పని పూర్తి కావాలి."

"అది కార్యక్రమ వివరాల్లో లేదు," అన్నారు నరహరి గారు.

వీసీ గారు ఆ మెట్ల వైపు చాలాసేపు చూశారు. బహుశా ఆ మెట్లున్నాయని ఆయన గమనించింది అప్పుడే కావచ్చు. ఆయన కారు లైబ్రరీ వెనక, ఆయన కోసమే తెరిచే గుమ్మం దాకా వెళ్తుంది మరి. "వేయండి శెట్టిగారూ," అన్నారు.

వేశాం. మస్తాన్ ఏటవాలు చూసుకున్నాడు. అటూ ఇటూ పైపులు బిగించాడు. తాను ఒకసారి ఎక్కి దిగి, పలకల కిరకిర విని తలూపాడు. ఎర్ర తివాచీ పరవబోతే నీలవేణి వద్దంది, చక్రాలు చిక్కుకుంటాయట. ఆమె సందు దాటి, రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కింది. మధ్యలో ఒకసారి ఆగింది. ఎవరో సాయం రాబోతే మస్తాన్ చేయి అడ్డం పెట్టాడు. మళ్ళీ తిప్పింది. గుమ్మం దాటింది.

ముందుగా చప్పట్లు ఎవరు కొట్టారో తెలియదు. తోటపని విభాగం వైపు నుంచి మొదలయ్యాయి. అక్కడి నుంచి వరసంతా చుట్టి వచ్చాయి. అన్ని రోజుల ఏర్పాట్లలో ఎవరికీ తోచని పాత్ర ఒకటి మిగిలిపోయిందని నాకప్పుడు తెలిసింది. వేదిక వేదికంతా ప్రేక్షకులైపోయింది. నీలవేణి మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. ఆమెకు కుడివైపు పేజీలు మిగిలిపోయి ఉన్నాయి.

విశ్వవిద్యాలయానికి మంచి మార్కులే వచ్చాయట. నేను సామాను విప్పుకుని తెచ్చుకున్నాను, లైబ్రరీ ముందున్నది తప్ప. దాన్ని తీయమని ఎవరూ చెప్పలేదు. ఉంచమనీ చెప్పలేదు. కొంతకాలం గోడౌనులో కూర్చునే సరుకు కంటే పనిలో ఉన్న సరుకు నయమని నేనూ ఊరుకున్నాను.

నీలవేణి సిద్ధాంత గ్రంథానికి గడువు ఇంకా వారం ఉందనగా నరహరి గారు ఫోన్ చేశారు.

"శెట్టిగారూ, సదరు ర్యాంపును అధికారికంగా ఆవిష్కరించాలని వీసీ గారి సంకల్పం. ఎల్లుండి సభ. వేదిక కావాలి."

"సంతోషం సార్. ఎక్కడ వేయమంటారు?"

"ర్యాంపు ఫోటోలో పడాలి కదా. లైబ్రరీ ముందే."

"లైబ్రరీ ముందు ర్యాంపే ఉంది సార్."

"దాని మీదే వేయండి."

"మరి నీలవేణి లోపలికి ఎలా వెళ్తుంది సార్?"

"లోపలికెందుకు? ఆమెను ఆ రోజు వేదిక మీదకు సగౌరవంగా ఆహ్వానిస్తున్నాం."

"వేదిక ఎలా ఎక్కుతుంది?"

"అందుకు ఇంకొక ర్యాంపు వేయవలసి ఉంటుంది," అన్నారు నరహరి గారు ఓపిగ్గా. "ఆ ర్యాంపు ఆవిష్కరణ విషయం తదుపరి పరిశీలించబడుతుంది."

ఆ లెక్కన ఒక్కో సభకు ఒక ర్యాంపు, ఒక్కో ర్యాంపుకు ఒక సభ. నేను రిటైరయ్యేదాకా పలకలు గోడౌనుకు తిరిగి రానక్కరలేదు. ఇంత మంచి బేరం ఏ సప్లయరుకూ తగిలి ఉండదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే గోడౌనులోకి చూశాను. పలకలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మస్తాన్ పక్కన మిగిలిన చిన్న దొంతర మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"స్టాకు లేదు సార్," అన్నాను.

"ఒక్క వేదికకు కూడానా?"

"ఒక్క పలక కూడా లేదు సార్. పొరుగూళ్ళలో కూడా లేవు. నేనే కనుక్కున్నాను."

మస్తాన్ టీ గ్లాసు నోటి దగ్గరే ఆపి, తాను కూర్చున్న పలకల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

మర్నాడు నీలవేణి కొట్టుకొచ్చింది. పలక మీదుగా సర్రున లోపలికొచ్చి, ఒళ్ళో కాగితాల కట్ట సర్దుకుని కలం తీసింది. మస్తాన్ అప్పటికే నోరు జారాడని ఆ నవ్వు చూస్తే తెలిసింది.

"శెట్టిగారూ, చివరి అధ్యాయానికి ఒక్క మాట కావాలి. గోడౌను నిండా సరుకు పెట్టుకుని, ఖాతాదారుడికి లేదని చెప్పడాన్ని సంతలో ఏమంటారు?"

"సంతలో అలాంటి పని ఎవరూ చేయరమ్మా. అందుకే దానికి మాట లేదు," అన్నాను. "రాసుకోకు."

రాసుకుంది.